సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు

సంఘ వార్షిక మహాసభా సంచికయందు మన పెద్దలలో నొకరి చరిత్రమును స్మరించుట ఉచితమని తలంచి, ఈ యేడు మేము సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారిని గూర్చి వ్రాయబూనితిమి. పేరు చివర అయ్యరను మాట యున్నను, ఇంటిపేరే చాటుచున్నట్లు ఆయన తెలుగువారు.

వీరు నెల్లూరు మండలములోని పుదూరు గ్రామమున 1883వ సంవత్సరము మే 14వ తేదీన జన్మించిరి. తండ్రిగారగు ఏకామ్రశాస్త్రిగారు పౌరోహిత్యవృత్తిలో నుండినవారు. కుమారుడు 1899లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థుడై, మద్రాసు క్రిస్టియను కళాశాలలో చరిత్రము చదివి, తీరిక వేళల న్యాయశాస్త్ర తరగతులకు బోయి బి. ఎల్. పట్టమును బడసెను. తరువాత మైలాపూరులో ఆయన నివసించిన గృహమునకు ఏకామ్రనివాసమని పేరు. ఎంత పైకి వచ్చినను తండ్రి పేరును గడపమీద నిలుపుకొనిన వినయమును మేమిందు చూచుచున్నాము.

మద్రాసు హైకోర్టున అగ్రశ్రేణి న్యాయవాదులలో నొకరై, 1929 మొదలు 1944 వరకు అడ్వకేటు జనరలు పదవి నలంకరించిరి. 1932లో సర్ బిరుదము లభించెను. పిమ్మట రాజ్యాంగసభలో సభ్యులై, 1947 ఆగస్టు 29వ తేదీన ఏర్పడిన ఏడుగురి ముసాయిదా సంఘమున స్థానము పొందిరి. ఆ సంఘమున కధ్యక్షులైన డాక్టరు అంబేద్కరుగారు 1949 నవంబరు 25వ తేదీన సభలో ప్రసంగించుచు, తమకంటె సమర్థులు సంఘమున గలరని చెప్పి, ముందుగా అల్లాడివారి పేరునే తలచిరి. ఇంతకు మించిన ప్రశంసాపత్రము వేరొండు కావలెనా?

అయితే మేమిక్కడ ముఖ్యముగా చెప్పదలచినది వేరు. జీవితమంతయు న్యాయస్థానమునే నమ్ముకొని బ్రదికిన ఈ మహనీయుడు, సర్వమును న్యాయస్థానముల చేతిలో నుంచరాదని వాదించెను. పౌరుని ప్రాణమును స్వేచ్ఛను హరించు విధానము న్యాయమైనదా కాదా యని తీర్పరులే తేల్చునట్లు, అమెరికా రాజ్యాంగమునందలి డ్యూ ప్రాసెస్ అను మాటను మన రాజ్యాంగమున జేర్చవలయునని పలువురు కోరిరి. అచ్చట ఆ మాట నాధారము చేసికొని న్యాయస్థానములు కూలివారి పనిగంటలను గూర్చిన చట్టమును సైతము కొట్టివేసియుండెను. అందువలని యపాయము నెఱిగినవారిలో అల్లాడివా రొకరు. తుదకు శాసనముచే నేర్పడిన విధానమను మాటయే నిలిచెను. న్యాయమూర్తుల స్వాతంత్ర్యము అవశ్యకమే గాని, వారు శాసనసభకు పై శాసనసభగా వర్తింపరాదని ఆయన యభిప్రాయము. వయస్సు వచ్చిన ప్రతివారికిని, చదువు రానివారికిని సైతము, ఓటుహక్కు నిచ్చుటను సామాన్యునియందలి విశ్వాసముతో ఆయన సమర్థించెను.

ఈ నిర్ణయమున లోపము లేదని మేమనము. విచారణ లేకయే నిర్బంధింపబడు పౌరునకు రక్షణ తగ్గెనని నాడే పలువురు ఆందోళన చెందిరి. అందుచే 1949 సెప్టెంబరులో ఇరువదిరెండవ అధికరణమునకు మూలమైన నిబంధనను సభ చేర్చవలసివచ్చెను. 1978లో మేనకాగాంధీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఆ విధానము న్యాయసమ్మతముగను సమంజసముగను ఉండవలయునని తీర్పు చెప్పెను. పెద్దలు విడిచిన లోటును పిన్నలు పూరించుట వారికి అగౌరవము కాదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించెను. నెల్లూరు మండల మందు జేరెను. మూడవ తేదీన అల్లాడివారు పరమపదించిరి.

సోదరులారా! ఆయన మనవాడని గర్వించుట సులభము. కాని ఆయన చేయివేసి రచించిన రాజ్యాంగము కులభేదమును పాటింపక ప్రతి పౌరునకును సమాన గౌరవము నొసగినది. ఆ సమత్వమును మనసార నంగీకరించినప్పుడే ఆ గర్వమునకు మన మర్హులము. పురోహితుని కుమారుని విద్య యింత ఫలించినది గదా! మన దాతలు నేడు పుస్తకములకును భోజనమునకును ఇబ్బంది పడు విద్యార్థి నొక్కని నాదుకొన్నచో, ఆయనకు అంతకంటె తగిన స్మారకము లేదని మేము విన్నవించుచున్నాము.