ఎర్నెస్టు స్టార్లింగు

వేసవిలో ఎండనబడి తిరిగిన దినమున మూత్రము కొలదిగాను పచ్చగాను వచ్చును. వానకాలమున చెమట పట్టదు గనుక విస్తారముగాను తేటగాను వచ్చును. దీనిని మీరందఱును గమనించియే యుందురు. మూత్రపిండములు దినమునకు రమారమి 180 లీటర్ల ద్రవమును వడకట్టి, ఒకటి రెండు లీటర్లు తప్ప తక్కినదంతయు తిరిగి నెత్తురునకే చేర్చును. ఎంత చేర్చవలెనో, ఎంత విడువవలెనో వానికి తెలుపు ఆజ్ఞ యెక్కడిది? ఈ మర్మమును ఛేదించినవారిలో స్టార్లింగు ముఖ్యుడు.

ఆయన 1866వ సంవత్సరమున లండనులో జన్మించెను. తండ్రి బొంబాయిలో ఉద్యోగి. ఇంటికి వచ్చుట అరుదు. స్టార్లింగు వైద్యవిద్య నభ్యసించెను గాని, మందులిచ్చుటకంటె దేహము పనిచేయు తీరు నెఱుగుటయందే ఆయనకు మక్కువ మెండు. 1902లో తన సోదరి భర్తయగు విలియం బేలిస్‌తో గూడి, చిన్నప్రేవులో పుట్టిన యొక పదార్థము నెత్తురుద్వారా క్లోమమును చేరి జీర్ణరసమును స్రవింపజేయునని నిరూపించెను. నాడుల సాయము లేకయే నెత్తురు వార్తలు మోయుననుట ఆనాటివారికి వింతగా తోచెను. ఇట్టి పదార్థములకు 1905లో ఆయనయే హార్మోనులను పేరు వాడుకకు తెచ్చెను. ప్రేరేపించుట యను అర్థముగల గ్రీకు మాట దానికి మూలము.

ఈ పరిశోధనలకు కుక్కలు బలియయ్యెను. ఆ సంగతి దాచుట తగదు. దానిపై పలువురు ఆగ్రహించిరి. 1903లో న్యాయస్థానమున వ్యాజ్యము కూడ నడచెను.

1920లో స్టార్లింగునకు పెద్దప్రేవున కాన్సరు కనబడెను. శస్త్రచికిత్సతో బ్రదికెను గాని మునుపటి బలము తిరిగి రాలేదు. అయినను ప్రయోగశాలను విడువలేదు. వెర్నీ యను యువకుడు తోడుగా కుక్క మూత్రపిండమును దేహమునుండి వేఱుచేసి, గుండె ఊపిరితిత్తుల సాయమున దానికి నెత్తురు నందించెను. అప్పుడు మూత్రము ఉప్పు తక్కువై, నీళ్లవలె ధారాళముగా వెడలెను. మెదడు అడుగునగల పీయూషగ్రంథి వెనుకభాగపు సారమును ఆ నెత్తురులో కలుపగా ధార తగ్గి మూత్రము చిక్కబడెను. ఆ సారము అతిమూత్రవ్యాధిని తగ్గించునని 1913లోనే జర్మనీ, ఇటలీ వైద్యులు కనుగొనియుండిరి. అది నేరుగ మూత్రపిండముమీదనే పనిచేయునని ఇప్పుడు తేటపడెను. దానినే నేడు మూత్రనిరోధక హార్మోనని యందురు. నెత్తురు కొంచెము చిక్కబడినను అది వెలువడి, మూత్రనాళికల గోడలలో నీటికి దారులు తెఱపించును. కడుపార నీరు త్రాగినచో తగ్గిపోవును.

నోబెల్ బహుమతి స్టార్లింగునకు రాలేదు. 1927 మేనెలలో ఆరోగ్యముకొరకు సముద్రయానము చేయుచు, జమైకాలోని కింగ్‌స్టన్ రేవున ఓడలోనే కన్నుమూసెను. నెత్తురు చిక్కదనమును కనిపెట్టు తావు మెదడునందే కలదని 1947లో లోకమునకు తెలిపినవాడు ఆ వెర్నీయే.