గ్రామరాజ్యం – సుందరయ్య

నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913 మే 1న ఓ భూస్వామి ఇంట పుట్టారు పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి. పేరు చివర ఉన్న కులం తోక కోసేసుకుని సుందరయ్య అయ్యారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో దూకి, కుర్రతనంలోనే జైలు చూశారు. ఆ తర్వాత సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీ సంఘం పెట్టారు. ఆ సంఘం కూలి అడగాల్సింది ఎవర్ని? తన వర్గం వాళ్లనే! కూలోళ్లు ఆయన్ని నమ్మడానికి మొదటి కారణం ఇదే అయ్యుంటుంది.

ఆ రోజుల్లో నిజాం ఏలుబడిలోని తెలంగాణాలో ఊరి సర్కారంటే పటేలూ, పట్వారీ. భూమి లెక్కలు పట్వారీ చేతిలో ఉండేవి. దున్నేది ఒకడు, పహాణీలో పేరు ఇంకొకడిది. అడగబోతే గడీలో దెబ్బలు. అలాంటి సర్కారుని జనం ఎట్లా నమ్ముతారు?

1946లో రాజుకున్న సాయుధ పోరాటానికి సుందరయ్య ముఖ్య నాయకుల్లో ఒకరు. సుమారు 3000 గ్రామాల్లో గ్రామరాజ్య కమిటీలు లేచాయి. వెట్టి పోయింది. తగాదాలు ఊళ్లోనే తీర్చుకున్నారు. బంజర్లు, దొరలు గుంజుకున్న చెలకలు, పరిమితికి మించిన భూములు పేదలకు పంచారు. ఆ పరిమితి మొదట 500 ఎకరాలు. తర్వాత 200కు దిగింది. చివరకు మెట్ట 100, మాగాణి 10 దగ్గర ఆగింది. మొత్తం పంచింది 10 లక్షల ఎకరాలని సుందరయ్య 1972 నాటి తన పుస్తకంలో లెక్క చెప్పారు. అంకె సరే, అసలు సంగతి వేరే ఉంది. భూమి ఊరిది, పంచేవాళ్లూ ఊరివాళ్లే. దొంగలెక్క రాస్తే నిలదీయడానికి ఏ కచేరీ మెట్లూ ఎక్కనక్కర్లేదు.

1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది. దాని వెనకే దొరలూ వచ్చారు. కమిటీలను అణిచేశారు. 4000 మంది దాకా ప్రాణాలు పోయాయి. అయినా ఎన్నో ఊళ్లలో జనం దున్నుకున్న భూమిని వదల్లేదు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు.

1952లో సుందరయ్య రాజ్యసభకెళ్లారు. సైకిలెక్కి పార్లమెంటుకు పోయేవారు. 1955 నుంచి గన్నవరం ఎమ్మెల్యే. తన వాటా ఆస్తిని పార్టీకిచ్చేశారు. ఆయనా, లీలమ్మా పిల్లలు వద్దనుకున్నారు.

తరతరాలుగా వస్తున్న గ్రామాధికారుల ఉద్యోగాలు రద్దవడానికి 1984 దాకా పట్టింది. పటేళ్లూ, కరణాలూ పోయారు గానీ లెక్కల పుస్తకాలు మాత్రం ఊరి జనం చేతికి రాలేదు, సర్కారు ఉద్యోగుల చేతికి పోయాయి. మరుసటి ఏడు, 1985 మే 19న, సుందరయ్య కన్నుమూశారు.