కార్తేజి సేనాని హానిబాల్

ప్రాచీన రోము, కార్తేజిల పోరాటాన్ని ఆధారం చేసుకొని 1996లో అమెరికాలో ఒక ఆట వెలువడింది. మధ్యధరా తీరదేశాల పటమే దానికి బల్ల. మేము ఒక సెలవునాడు మిత్రులతో ఆ ఆటకు కూర్చుని కార్తేజి పక్షం వహించాము. ఇటలీలో పోరు వెంట పోరు గెలిచి, చివరకు ఆట ఓడిపోయాము. ఆట ముగిసేనాటికి ఎవరి ఏలుబడిలో ఎక్కువ మండలాలుంటే గెలుపు వారిదట! ఆ రాత్రి హానిబాల్ చరిత్రను మరల తిరగవేశాము.

కార్తేజి నేటి ట్యునీషియా తీరాన వెలసిన నగరం. ఆ పేరుకు 'క్రొత్త పట్టణం' అని అర్థం. అక్కడి ప్యూనిక్ భాష అరబ్బీకి సోదరి అని మా ఉర్దూ శాఖ మిత్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. హానిబాల్ క్రీ.పూ. 247లో సేనాని హామిల్కార్ బార్కాకు జన్మించాడు. రోముతో ఎన్నడూ మైత్రి చేయనని తొమ్మిదేండ్ల ప్రాయంలో తండ్రి యెదుట ప్రమాణం చేసి, ఆయన వెంట స్పెయినుకు వెళ్ళాడని ప్రసిద్ధి. క్రీ.పూ. 221లో సేనాధిపత్యం లభించింది.

క్రీ.పూ. 218లో ఏనుగులతో సహా ఆల్ప్స్ పర్వతాలను దాటాడు. ఇటలీలో దిగేసరికి మిగిలినవారు 20,000 పదాతులు, 6,000 ఆశ్వికులు మాత్రమే. ఈ లెక్కను తానే కంచుఫలకంపై చెక్కించాడు. మరుసటి ఏడు చిత్తడినేలల్లో, బ్రతికియున్న ఒకే ఒక ఏనుగుపై సాగిపోతూ, నేత్రవ్యాధితో ఒక కన్ను పోగొట్టుకొన్నాడు. క్రీ.పూ. 216లో కానే వద్ద తనకంటె పెద్దదైన రోము సేనను చుట్టుముట్టి నిర్మూలించాడు. ఒక్క దినంలో దాదాపు 50,000 మంది కూలారు.

అయినా రోము సంధి కోరలేదు. బందీలను విడిపించుకొనడానికి ధనమివ్వ నిరాకరించి, బానిసలను కొని సైన్యంలో చేర్చుకొన్నది. కాపువా వంటి నగరాలు హానిబాల్ పక్షం చేరినా, లాటిన్ పట్టణాలు రోమును వీడలేదు. అతని ఎత్తుగడ దెబ్బతిన్నది ఇక్కడనే అని మా అభిప్రాయం. చేరిన నగరాలను కాపాడుకొనడానికి అతనివద్ద చాలినంత సేన లేదు. కార్తేజి నుండి వచ్చిన సాయం అత్యల్పం. క్రీ.పూ. 211లో కాపువా చేజారింది. 207లో సాయం తెస్తున్న తమ్ముడు హస్ద్రుబాల్ హతుడైనాడు. అతని శిరస్సును శత్రువులు అన్న శిబిరం ముందు పడవేశారు.

క్రీ.పూ. 202లో జామా వద్ద స్కిపియో చేతిలో ఓడిపోయాడు. ఆ పిమ్మట అతడు చేసిన పనిని కథకులు తరచు విస్మరిస్తారు. క్రీ.పూ. 196లో నగరపాలకుడై, ధనికులు మ్రింగివేసిన ప్రభుత్వధనాన్ని కక్కించి, క్రొత్త పన్నులు లేకుండానే రోముకు కప్పం చెల్లించవచ్చునని నిరూపించాడు. మాకు కానే విజయంకంటె ఇదే ఘనంగా తోస్తుంది. ఆ ధనికులే రోముకు చాడీలు చెప్పారు. మరుసటి ఏడు స్వదేశం విడిచి, సిరియా రాజు ఆంటియోకస్‌ను, తరువాత బితీనియా రాజును ఆశ్రయించాడు. క్రీ.పూ. 183 ప్రాంతాన, రోము వారికి చిక్కకుండా విషం త్రాగి మరణించాడు.

క్రీ.పూ. 146లో రోమనులు కార్తేజిని తగులబెట్టారు. కార్తేజీయులు వ్రాసుకొన్న చరిత్ర ఒక్కటీ మనకు దక్కలేదు. హానిబాల్ కథను గ్రీకు, రోమను రచయితలు వ్రాసినంతవరకే మనం చదువుకొంటున్నాము.