షేక్‌స్పియర్ మహాకవి
ఆంగ్ల నాటక సాహిత్యానికి మకుటాయమానుడైన విలియం షేక్‌స్పియర్ 1564లో స్ట్రాట్‌ఫర్డ్‌లో చేతితొడుగులు కుట్టే గృహస్థుని యింట జన్మించాడు. విశ్వవిద్యాలయ విద్య అతనికి లభింపలేదు. పదునెనిమిదవ యేట ఆన్ హాతవేను వివాహమాడి, పిమ్మట లండను చేరి నటుడుగా, నాటకకర్తగా, నాటక సమాజ భాగస్వామిగా రాణించాడు. 1596లో ఏకైక కుమారుడు హామ్నెట్ బాల్యంలోనే మరణించాడు; హామ్లెట్, ఒథెల్లో, లియర్ రాజు, మాక్బెత్ వంటి మహావిషాదాంతాలు ఆ తరువాత వెలసినవే.

1616లో అతడు దివంగతుడయ్యే నాటికి సుమారు సగం నాటకాలు అచ్చుకాలేదు. సహనటులు హెమింజ్, కాండెల్ 1623లో 36 నాటకాలను ఒకే సంపుటంగా ప్రకటించారు. ఆ పూనికే లేకున్న మాక్బెత్, టెంపెస్ట్ మనకు దక్కియుండేవి కావేమో. వీరేశలింగం పంతులుగారి చమత్కార రత్నావళికి మాతృకయైన నాటకమూ ఆ సంపుటంలోనే తొలిసారి అచ్చయింది. ప్రతిభ ఎంత గొప్పదో, దానిని భద్రపరచిన స్నేహమూ అంత గొప్పదని మేము విద్యార్థులకు మనవి చేస్తున్నాము.