క్రిస్టఫర్ స్ట్రేచీ: ఒకే అచ్చు, ఎన్నో పోతలు

మన రుద్రూరు పరిశోధనా క్షేత్రంలో ఒక వరి వంగడాన్ని మూడు మళ్ళలో వేశారనుకుందాం. పిలకల లెక్క మూడు పూర్ణాంకాలు. దిగుబడి మూడు దశాంశ సంఖ్యలు. కంప్యూటర్లో వీటిని దాచాలంటే, ఒకే టైపుకు చెందిన మూడు విలువల కట్ట కావాలి. పూర్ణాంకాలకు ఒక కట్ట, దశాంశాలకు ఇంకో కట్ట, ఇట్లా రాసిందే రాస్తూ పోవాలా? ఒక్కసారి రాసి ఊరుకోలేమా? ఈ చిక్కు విప్పే రెండు దారుల్లోనూ కనిపించే పేరు క్రిస్టఫర్ స్ట్రేచీ.

ఆయన 1916 నవంబరు 16న లండన్‌లో పుట్టాడు. తాత సర్ రిచర్డ్ స్ట్రేచీ 1878లో మన దేశంలో వేసిన కరువు కమిషన్‌కు అధ్యక్షుడు. తండ్రి ఆలివర్ రహస్య లిపులు విప్పడంలో దిట్ట. తల్లి రే స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన మనిషి. ఇంత పేరున్న ఇంట్లో పుట్టిన కుర్రవాడు కేంబ్రిడ్జిలో చదువుతూ మానసికంగా కుంగిపోయాడు. చివరికి చేతికొచ్చింది సెకండ్ క్లాసు డిగ్రీ. పరిశోధన చేసే అవకాశం దక్కలేదు. యుద్ధకాలంలో ఒక టెలిఫోన్ కంపెనీలో పనిచేశాడు, తర్వాత బడిపంతులయ్యాడు.

1951లో, హారో స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూనే, సెలవుల్లో కంప్యూటర్ పట్టుకున్నాడు. డ్రాఫ్ట్స్ ఆట ఆడే ప్రోగ్రాం రాశాడు. మాంచెస్టర్ యంత్రం చేత పాట పలికించాడు. మరుసటి ఏడే పంతులుద్యోగం వదిలేశాడు.

1960లలో కేంబ్రిడ్జిలో సి.పి.ఎల్. అనే భాష తయారీలో పాలుపంచుకున్నాడు. 1965లో జి.పి.ఎం. అనే మాక్రో యంత్రాంగాన్ని ప్రకటించాడు. మాక్రో అంటే ఖాళీ వదిలిన అచ్చు. టైపు పేరు ఇస్తే ఆ ఖాళీలో పడి, పూర్తి పాఠం తయారవుతుంది. సి.పి.ఎల్. నుంచి బి.సి.పి.ఎల్., దాన్నుంచి బి, దాన్నుంచి సి భాష వచ్చాయి. ఆ సి భాషలో మన మూడు విలువల కట్టను నేటికీ మాక్రోతోనే పోత పోస్తారు. అయితే మాక్రోకు అక్షరాలే తెలుసు, అర్థం తెలియదు. తప్పు టైపు ఇచ్చినా నోరు మూసుకొని అతికిస్తుంది. ఆ తప్పు తర్వాతెప్పుడో, కంపైలర్ దగ్గర బయటపడుతుంది.

రెండో దారికి 1967లో కోపెన్‌హాగెన్ ఉపన్యాసాల్లో ఆయనే పేరు పెట్టాడు. కూడిక గుర్తు ఒకటే అయినా పూర్ణాంకాలకు, దశాంశాలకు లోపల జరిగే పని వేరు. అది పేరుకే ఒకటి. అట్లా కాక, ఏ టైపు వచ్చినా ఒకే తీరున నడిచే పనిని పారామెట్రిక్ పాలీమార్ఫిజం అన్నాడు. ఇక్కడ టైపు ఖాళీలో అతికే అక్షరం కాదు, భాషకు అర్థమయ్యే విషయం. నేటి జెనెరిక్స్‌కు ఆధారం ఈ భావనే.

సెకండ్ క్లాసు విద్యార్థి 1971లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు. 1975 మే 18న కామెర్ల జబ్బుతో, 58 ఏళ్ళకే కన్నుమూశాడు. కోపెన్‌హాగెన్ నోట్సు ఏళ్ళ తరబడి చేతులు మారుతూ తిరిగి, 2000లో గానీ పత్రికలో అచ్చుకాలేదు. మార్కుల జాబితా ఆయన్ను ఆపలేకపోయింది. కాబట్టి మిత్రులారా, రాసిందే మూడోసారి రాయాల్సి వచ్చినప్పుడు విసుక్కోకండి. ఆ విసుగు వెనక ఒక అచ్చు దాగి ఉందేమో చూడండి. అచ్చు దొరికాక, అది అర్థం తెలిసి పనిచేస్తోందా, ఊరికే అతికిస్తోందా అని కూడా అడగండి.