ఖడ్గ తిక్కన

ఖడ్గ తిక్కన 13వ శతాబ్దంలో నెల్లూరును పాలించిన తెలుగు చోడరాజు మనుమసిద్ధి వద్ద సేనాని. ఇతనికి రణ తిక్కన అని కూడా పేరు. ఆంధ్ర మహాభారతంలో విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు రచించిన తిక్కన సోమయాజి వేరు, ఇతడు వేరు. ఇద్దరూ ఒకే తాతకు మనుమలు, ఒకే రాజు కొలువులోనివారు, ఒకే పేరు గలవారు కావడం వలన విద్యార్థులు పొరబడటం సహజం. జవాబు పత్రాలలో ఖడ్గ తిక్కన చేత భారతం వ్రాయించినవారు లేకపోలేదు!

కుటుంబం

కొట్టరువు వంశీయుడైన మంత్రి భాస్కరునికి కేతన, మల్లన, సిద్ధన, కొమ్మన అని నలుగురు కుమారులు. సిద్ధన కుమారుడు ఖడ్గ తిక్కన, కొమ్మన కుమారుడు కవి తిక్కన. అనగా సేనాని కవికి పెదతండ్రి కొడుకు. ఖడ్గ తిక్కన తల్లి ప్రోలమ, భార్య చానమ్మ.

కేతన అనే కవి తన దశకుమార చరిత్రను తిక్కన సోమయాజికి అంకితమిస్తూ అవతారికలో ఈ వంశాన్ని వర్ణించాడు. అది సమకాలికుని మాట. ఖడ్గ తిక్కన కథల్లో పుట్టిన పాత్ర కాదని చెప్పడానికి ఇదే గట్టి ఆధారం.

పుల్లరి తగవు

ఇతని మరణానికి కారణమైన యుద్ధం గురించి తెలిపేది ప్రధానంగా కాటమరాజు కథ. యాదవ నాయకుడైన కాటమరాజు కరువు కాలంలో తన ఆలమందలను నెల్లూరు సీమ పచ్చిక బయళ్ళకు తోలుకొని వచ్చాడు. మేపుకు ప్రతిఫలంగా పుట్టిన కోడెదూడలను రాజుకు పుల్లరిగా ఇవ్వాలని ఒడంబడిక కుదిరింది. తరువాత రాజు ఉంపుడుకత్తె కుందమాదేవి చిలుక చనిపోవడానికి ఆవులే కారణమని, ఆమె వాటిని చంపించిందని కథ. ఆవులను పోగొట్టుకొన్న కాటమరాజు పుల్లరి ఇవ్వనన్నాడు. కథలో రాజు పేరు నల్లసిద్ధి. చరిత్రకారులు ఇతనిని మనుమసిద్ధిగా గుర్తించారు.

చిలుక మాట ఎలా ఉన్నా, మేత కోసం వచ్చిన పశువుల కాపరులకు, పన్ను కోరే రాజుకు మధ్య వచ్చిన తగవు ఇది. న్యాయం పూర్తిగా రాజు పక్షాన ఉన్నదని చెప్పలేము. పుల్లరి వసూలు కోసం సేనతో బయలుదేరినవాడు ఖడ్గ తిక్కన.

ఇంటికి తిరిగి రావడం

మొదటి పోరులో సేన చెదిరిపోగా తిక్కన నెల్లూరుకు మరలి వచ్చాడు. అప్పుడు భార్య స్నానానికి మంచం చాటున నీళ్ళు పెట్టి, ప్రక్కనే పసుపు ముద్ద ఉంచిందట. ఆ చాటు, ఆ పసుపు ఆడవారి స్నానానికి చేసే ఏర్పాటు. భోజనం వేళ తల్లి విరిగిన పాలు వడ్డించిందట. విరుగు అనే మాటకు పాలు చెడుట అని, సేన ఓడి మరలుట అని రెండర్థాలు. ఈ సన్నివేశం చాటుపద్యాల వలన బహుళ ప్రచారం పొందింది. తెలుగు పాఠాలలో ఖడ్గ తిక్కన అనగానే చెప్పేది ఇదే. దీనికి చారిత్రక ఆధారం లేదు. చెదిరిన సేనను తిరిగి కూర్చుకొనడానికి సేనాని వెనుకకు రావడం పిరికితనమనిపించుకోదు. అయినా నిందకు దొరికిన ప్రచారం తరువాతి పోరాటానికి దొరకలేదు.

మరణం

తిక్కన మరల యుద్ధానికి వెళ్ళాడు. బంగాళాఖాతంలో కలిసే పాలేటి ఒడ్డున, పంచలింగాల వద్ద పోరాడి మరణించాడు. అప్పటికి కవి తిక్కన కూడా మనుమసిద్ధి కొలువులోనే ఉన్నాడు. రాజ్యం పోగొట్టుకొన్న మనుమసిద్ధి కొరకు కవి ఓరుగల్లు వెళ్ళి కాకతీయ గణపతిదేవుని సాయం తెచ్చాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతున్నది. రాజుకు ఒక తిక్కన మాటతో, మరొక తిక్కన ప్రాణంతో ఉపకరించారు. భారతంలోని యుద్ధపర్వాలను తెనిగించిన కవి ఇంటనే యుద్ధంలో మరణించినవాడు ఒకడున్నాడన్న సంగతి ఆ పర్వాలు చదివేవారు గమనింపదగినది.

వీరగాథలో స్థానం

కాటమరాజు కథను యాదవుల ఎదుట కొమ్మువారు గానం చేస్తారు. కాటమరాజు కథలను తంగిరాల వెంకటసుబ్బారావు సేకరించి పరిష్కరించాడు. ఆ గాథలకు నాయకుడు కాటమరాజు, ఖడ్గ తిక్కన శత్రుసేనాని. అయినను అతని శౌర్యాన్ని అవి తక్కువ చేయలేదు. నెల్లూరు సేనాని కడపటి యుద్ధం నేటికీ తెలియడానికి ముఖ్యంగా అతనితో పోరాడినవారి వంశీయుల కొరకు పాడిన గాయకులే కారణం.