నిచ్చెన మెట్లు గీసిన చేతులతోనే: వుడ్స్‌వర్త్ జీవితం

కెనడా కార్మికోద్యమంలో జె.ఎస్. వుడ్స్‌వర్త్‌ది పెద్ద పేరు. వృద్ధులకు పెన్షన్ సాధించిన నాయకుడిగా అక్కడ ఆయన్ని తలుచుకుంటారు. కులాన్ని ఎదుర్కొంటున్న మనం మాత్రం ఆ జీవితాన్ని ఇంకోవైపు నుంచి కూడా చదవాలి.

1874లో ఒంటారియోలో పుట్టిన వుడ్స్‌వర్త్ మెథడిస్టు పాస్టర్. 1907 నుంచి విన్నిపెగ్‌లో ఆల్ పీపుల్స్ మిషన్ నడిపారు. పేద వలస కుటుంబాల పిల్లలకు చదువు చెప్పించారు. పీపుల్స్ ఫోరం పేరుతో ఆదివారాలు జనానికి ఉపన్యాసాలు పెట్టించారు.

ఆ రోజుల్లోనే, 1909లో, వలస వచ్చినవాళ్ల మీద ఒక పుస్తకం రాశారు. అందులో బ్రిటిష్‌వాళ్లు పై మెట్టు మీద ఉంటారు. ఆసియావాళ్లు, నల్లజాతివాళ్లు, ఆదివాసులు అడుగున ఉంటారు. భారతీయులదీ ఆ కింది మెట్టే. నిచ్చెన మెట్లు మనకు కొత్త కాదు. పేదలకు చదువు చెప్పే మనిషే వాటిని గీశాడన్నది మనం గమనించాల్సిన సంగతి.

తర్వాతి పదేళ్లు ఆయన్ని కార్మికుల మధ్యకు తెచ్చాయి. యుద్ధ అవసరాల కోసం మనుషుల వివరాలు నమోదు చేయడాన్ని వ్యతిరేకించినందుకు 1917లో ప్రభుత్వ ఉద్యోగం పోయింది. 1918లో పాస్టర్ పదవి వదిలేసి, వాంకూవర్ రేవులో సరుకులు మోసే కూలీగా చేరి, యూనియన్ సభ్యుడయ్యారు. 1919లో విన్నిపెగ్‌లో సుమారు 30 వేల మంది సమ్మెకు దిగారు. సమ్మె పత్రిక ఎడిటర్‌ను అరెస్టు చేస్తే ఆ పని వుడ్స్‌వర్త్ అందుకున్నారు. ఆయన మీదా రాజద్రోహ రాతల కేసు పెట్టారు. అన్యాయపు చట్టాలు చేసేవాళ్లను హెచ్చరించే యెషయా గ్రంథ వచనాలు అచ్చువేయడం కూడా ఆ నేరారోపణలో ఉంది. కేసు మాత్రం ముందుకు సాగలేదు.

1921లో విన్నిపెగ్ కార్మికులు ఆయన్ని పార్లమెంటుకు పంపారు. 1926లో ప్రధాని మెకంజీ కింగ్‌కు మెజారిటీ లేదు. మద్దతు కావాలంటే వృద్ధులకు పెన్షన్ ఇవ్వాలని వుడ్స్‌వర్త్ పట్టుబట్టారు. 1927లో చట్టం వచ్చింది. 70 ఏళ్లు నిండిన పేదలకు నెలకు గరిష్ఠంగా 20 డాలర్లు. కానీ ఇండియన్ చట్టం కింద నమోదైన ఆదివాసులను అందులోంచి మినహాయించారు.

1932లో పుట్టిన కోఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్‌కు ఆయనే తొలి నాయకుడు. ఆసియావాళ్లకు ఓటుహక్కు ఇవ్వాలని ఆ పార్టీ అడిగింది. 1935 ఎన్నికల్లో ప్రత్యర్థులు దాన్నే చూపించి బ్రిటిష్ కొలంబియాలో తెల్లవాళ్లను భయపెట్టారు. వుడ్స్‌వర్త్ 1942లో చనిపోయారు. అక్కడి భారతీయులకు ఓటు 1947లో వచ్చింది. నమోదైన ఆదివాసులందరికీ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వచ్చేసరికి 1960 అయింది.

ఆయన మారారు, ఆ మార్పుకు మూల్యమూ చెల్లించారు. అయినా ఆయన సాధించిన చట్టంలో అట్టడుగు మెట్టు అలాగే మిగిలింది. అందుకే ఏ హక్కు సాధించుకున్నా ఆ జాబితాలో ఎవరి పేరు లేదో మనం ముందు వెతకాలి.